కిర్రుచప్పుడుకు పూచీ

మనిషి అతి తక్కువగా ఆలోచించి అతి ఎక్కువగా ఆధారపడే పదార్థం నేల. ఆకాశం మీద కావ్యాలు పుట్టాయి, సముద్రం మీద సిద్ధాంతాలు పుట్టాయి. నేల మీద మాత్రం ఇన్ని యుగాలుగా చీపురు తప్ప మరేదీ గంభీరంగా పనిచేయలేదు. విచారించి చూస్తే నేలలు రెండే విధాలు: కిర్రుమనేవి, కిర్రుమననివి. మొదటి రకానికి నోరుంది. తన మీద ఎవరు నడుస్తున్నారో, ఎంత తొందరలో ఉన్నారో ఇంటిల్లిపాదికీ చెబుతుంది. రెండో రకం మూగది. మొదటిదాన్ని రెండోదిగా మార్చడానికి మానవజాతి పడిన పాట్లకే నాగరికత అని పేరు పెట్టారని, అది ప్రగతి కాదు, వట్టి చెవుడని హేతువు మాస్టారి నిశ్చితాభిప్రాయం.

మాస్టారు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. హేతువు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. శిష్యకోటి ప్రసాదించిన బిరుదు. క్లాసుకు ఆలస్యంగా వచ్చి, బస్సు రాలేదు సార్ అన్న కుర్రవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, "బస్సు రాకపోవడం హేతువా, నువ్వు బస్సును నమ్మడం హేతువా, ముందది తేల్చు" అనేవారు. అది తేలేలోపు గంట కొట్టేవారు. ఇలా లోకంలోని సమస్త కార్యాలకూ కారణాలు వెతికిన ఆయనకు ఇప్పుడు ఇంట్లో ఒక ప్రశ్న ఎదురైంది. దానికి జవాబు తెలిసి కూడా ఒప్పించలేకపోతున్నారు.

"ఏమండీ, మనింటికి ఎప్పుడెళ్తాం?"

అడిగేది ఇల్లాలు. ఆమెకు కొంతకాలంగా జ్ఞాపకం చిల్లుపడ్డ కుండలా కారిపోతోంది. నిన్నటివి ముందు పోయాయి, ఆ తర్వాత మొన్నటివి. సొంతంగా కట్టుకుని, దగ్గర నిలబడి సున్నం వేయించుకుని, కూతుర్ని పెంచి పెళ్ళి చేసి పంపిన ఈ ఇల్లు కూడా ఆ కన్నంలోంచే జారిపోయింది.

"ఇదే మనిల్లు" అనేవారు మాస్టారు.

"బాగానే ఉంది. వీళ్ళు మంచివాళ్ళలాగే ఉన్నారు" అనేదామె, గొంతు తగ్గించి, గోడలు వింటాయేమోనని. "ఎన్నాళ్ళని ఉంటాం చెప్పండి ఒకళ్ళింట్లో? చీకటి పడకముందే బయల్దేరదాం."

ప్రశ్న ప్రశ్నగా ఉన్నంతవరకు తర్కశాస్త్రం ఓర్చుకోగలదు. ఆమె మాత్రం అడిగి ఊరుకునే రకం కాదు. భుజాన పాత తువ్వాలు ముక్క వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గేటు తీసుకుని బయల్దేరేది. ఒకసారి ఇస్త్రీ బండివాడు వెనక్కి తీసుకొచ్చాడు. ఒకసారి వీధి చివర మందుల షాపులో కూర్చుని, వాళ్ళ అద్దాల బల్లంతా తుడిచిపెట్టి, మా ఇంటికి దారెటని అడిగింది. చివరిసారి పెద్ద రోడ్డు మధ్యలో, రెండు వైపులా బండ్లు హారన్లు మోగిస్తుండగా, ఎటూ తోచక నిలబడిపోయి కనిపించింది.

ఆ సాయంత్రమే కూతురు వచ్చింది. ఆమె ఊరికి అవతలి కొసన కాపురం, ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. నివేదిక చదివినట్టు మాట్లాడుతుంది.

"నాన్నా, ఇక మీవల్ల కాదు. నావల్లా కాదు. మతిమరుపు వాళ్ళని చూసుకునే హోము ఒకటి ఉంది, మాట్లాడాను. తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. అదొక్కటే మనకి కావాల్సింది."

"మీ అమ్మని తాళం వేసి పెడతానంటావ్."

"లారీ కింద పడితే ఏం వేసి పెడదాం? ఇంకొక్కసారి గేటు దాటిందంటే అక్కడికే. ఇందులో మీ తర్కం నాకు వద్దు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో ముప్పై ఏళ్ళు గెలిచిన మాస్టారు ఇంట ఒక గడువు కోరుకున్నారు. కూతురు వానలు వెళ్ళేదాకా ఇచ్చింది.

గడువు దొరికాక మాస్టారు సమస్యను శాస్త్రీయంగా పరిశీలించారు. ఆమె ఇల్లు ఇల్లు అంటున్నది ఏ ఇంటిని? ఈ ఇంటిని కాదని తేలిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే: పెళ్ళైన కొత్తలో కాపురం పెట్టిన అద్దె వాటా. పాతకాలపు మేడ, సందులోకి తెరుచుకునే కిటికీ, ఆ ఇంట్లోనే కూతురు పుట్టింది. ఆ ఇంటిని తలుచుకుంటే మాస్టారికి అన్నిటికన్నా ముందు వినబడేది ఒక చప్పుడు. తెల్లవారుతూ ఉండగా, కళ్ళు తెరవక ముందే, చెక్కనేల మీద అడుగుల కిర్రు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఆవిడ లేచింది, టీ వస్తుంది అని అర్థం. ఆ రోజుల్లో మాస్టారు చదివిన పుస్తకం ముఖం మీదే పెట్టుకుని నిద్రపోయేవారు; దాన్ని తొలగించి లోకాన్ని చూసేసరికి కాలేజీ వేళయ్యేది. కనుక ఆ కాపురంలోని ఉదయాలన్నీ ఆయనకు చెవుల ద్వారానే అందాయి. ఆ కిర్రుకు ఆయన పాఠంలో కూడా స్థానం కల్పించారు. కనబడే పొగను బట్టి కనబడని నిప్పును ఊహించడమనే పాత ఉదాహరణను పక్కనపెట్టి, "మా ఇంట్లో చెక్కనేల కిర్రుమంటుంది, కనుక మా ఆవిడ నడుస్తున్నది" అని చెప్పేవారు. తరతరాల విద్యార్థులు ఆ వాక్యాన్ని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నారు.

నిర్ణయం జరిగిపోయింది. ఆమె పడుకునే గదిలో చెక్కనేల వేయించాలి. అది కిర్రుమనాలి. ఆ కిర్రు ఆమె కాళ్ళ కింద నుంచి లేచి, చిల్లుపడిన జ్ఞాపకంలో ఇంకా తడి ఆరని చోటేదైనా ఉంటే అక్కడ తగలాలి. అప్పుడామె ఇల్లు చేరుతుంది; గేటు జోలికి వెళ్ళదు.

చెక్కపని చేసే మనిషిని వీధిలో అందరూ గ్యారంటీ అంటారు. బీరువా తలుపు నుంచి సొంత కొడుకు చదువు దాకా దేనికి పడితే దానికి గ్యారంటీ ఇవ్వడం అతని అలవాటు. అతను వచ్చి, గది చూసి, కోరిక విని, చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ చెవి వెనకే పెట్టుకున్నాడు.

"సార్, కిర్రుమనకుండా వెయ్యమన్నవాళ్ళని చూశాను. కిర్రుమంటోందని అర్ధరూపాయి కూడా ఇవ్వకుండా తరిమేసినవాళ్ళనీ చూశాను. కిర్రుమనేలా వెయ్యమన్న మహానుభావులు మీరొక్కరే."

"వెయ్యగలవా లేదా?"

"వెయ్యలేకేం? చెడగొట్టడం ఎవరికి రాదు? కాకపోతే వేసింది ఫలానావాడని మాత్రం బయట అనకండి."

నేలకున్న టైల్సు పెకలించారు. కింద బూడిదరంగు సిమెంటు, తొలిసారి వెలుతురు చూసి కళ్ళు చికిలించినట్టు, బోసిగా బయటపడింది. గ్యారంటీ దాని మీద అరచెయ్యి ఆనించి, ఆ చేతిని వాసన చూసుకుని, వైద్యుడిలా పెదవి విరిచాడు.

"భూమికి ఆనిన గది కదండీ. ముందు మందపాటి పాలిథిన్ షీటు పరవాలి, గోడల మీదికి కాస్త ఎక్కించి. దాని మీద ఫోమ్. ఆ పైన చెక్క. లేకపోతే భూమిలో చెమ్మ సిమెంటులోంచి పైకి పాకి చెక్కని తినేస్తుంది. కంటికి కనబడదండీ అది."

"కంటికి కనబడనిది ఉందనడానికి హేతువు?"

"మా గురువుగారు చెప్పారండీ."

"మీ గురువుగారు నిజమే చెప్పారనడానికి హేతువు?"

"ఆయన పోయారండీ" అన్నాడు గ్యారంటీ నొచ్చుకుని.

అసలు చిక్కు గురువుగారితో కాదు, షీటుతో. పాలిథిన్, దాని మీద ఫోమ్ పరిస్తే చప్పుడంతా అందులో ఇంకిపోతుందని గ్యారంటీయే ఒప్పుకున్నాడు. మెత్తటి పరుపు మీద పడుకోబెట్టిన నేల ఏం మాట్లాడుతుంది? మాస్టారికి కావలసింది సిమెంటు మీద చెక్క బద్దలు, బద్దల మీద పలకలు, మధ్యలో గాలి, ఆ గాలిలో కిర్రు. గ్యారంటీకి కావలసింది షీటు. ఇద్దరూ పట్టిన కుందేళ్ళకు మూడేసి కాళ్ళు. చివరికి గ్యారంటీయే దారి చూపించాడు.

"సరే, పరీక్ష పెడదాం సార్. సిమెంటు మీద ప్లాస్టిక్ ముక్క పరిచి నాలుగంచులా టేపు అంటించేస్తాను. కొన్నాళ్ళు ఎవరూ ముట్టుకోకూడదు. లోపల నీటిబొట్లు పట్టాయా, చెమ్మ ఉన్నట్టు. షీటు వేసి తీరాల్సిందే. పొడిగా ఉందా, ఇక మీ ఇష్టం, మీ కిర్రు."

"చెమ్మ కొలిచే మీటరేదో ఉంటుందట కదా?"

"ఉందండీ. మా తోడల్లుడు పట్టుకుపోయాడు. వాడికీ నాకూ మాటల్లేవు."

మీటరు లేకపోవడం మాస్టారికి లోటనిపించలేదు. పైపెచ్చు ఉల్లాసం కలిగింది. కనబడే నీటిబొట్టును బట్టి కనబడని చెమ్మ. బొట్టు లేకపోవడాన్ని బట్టి చెమ్మ లేకపోవడం! పొగా నిప్పూ పుట్టిన నాటి నుంచి ఇంత శుభ్రమైన అనుమానప్రమాణం మరొకటి పుట్టలేదు. గది మధ్యలో చదరంగా అతికించిన ఆ ప్లాస్టిక్ ముక్క ముందు ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, జెండా పాతిన సేనానిలా నిలబడ్డారు.

ఈలోగా పలకలు వచ్చాయి. వాటినీ వెంటనే పరవకూడదన్నాడు గ్యారంటీ. గదిలోనే ఒక పక్క, ప్రతి వరుసకీ మధ్య పుల్లలు పెట్టి, గాలాడేలా పేర్చాడు.

"తెచ్చినరోజే పరిస్తే చెక్క బెంగపెట్టుకుంటుందండీ. వంకరపోతుంది. ఈ గది గాలేంటో, ఈ గది పద్ధతేంటో దానికి అలవాటవ్వాలి. కొత్తచోటు కదా."

మాస్టారు గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలి వైపు చూశారు. కొట్టేసిన చెట్టుకు కూడా లోకం ఈపాటి మర్యాద చేస్తుందన్నమాట!

అప్పుడే ఒక అద్భుతం మొదలైంది. ఇల్లాలు గేటు దగ్గరికి వెళ్ళడం మానేసింది.

మొదట మాస్టారు నమ్మలేదు. నమ్మకపోవడం వృత్తిధర్మం. చెప్పులు విప్పినచోటే ఉన్నాయి. గేటు గొళ్ళెం వేసినట్టే ఉంది. ఆమె పొద్దున్నే, ఆయనకన్నా ముందే లేచి, ఆ బోసి గదిలోకి వెళ్ళి, కాసేపటికి తీరిగ్గా బయటికొచ్చేది. భుజాన ఉండే తువ్వాలు ముక్కను పెరట్లో తీగ మీద ఆరేసి, వంటింట్లో గిన్నెలు సర్దుకునేది. మనింటికి ఎప్పుడెళ్తాం అన్న మాట ఆమె నోట రాలేదు. ఒకరోజు మాస్టారు వెళ్ళి చూస్తే, ప్లాస్టిక్ చదరం పక్కన గొంతుకూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావ్ ఇక్కడ?"

"ఏం లేదండీ. ఈ పూటకి అయిపోయింది" అని మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. ఆ ముఖంలో పని ముగించుకున్న మనిషి నెమ్మది కనిపించింది.

మాస్టారు ఆ సాయంత్రమే కూతురికి ఫోను చేశారు. "ఇంకా చెక్క పరవనేలేదు. దాని వాసనకే ఇల్లు గుర్తొస్తోంది మీ అమ్మకి. పరిచాక చూడు!" కూతురు, చూద్దాం నాన్నా అంది. వెంటనే ఫోను పెట్టేసింది. ఆశ అంటే ఆమెకు భయం.

పరీక్షాఫలితం వెల్లడైన రోజున గ్యారంటీ బోర్లా పడుకుని, ఫోను లైటు వేసి, ప్లాస్టిక్ కింద నాలుగు మూలలా చూశాడు. ఒక మూల టేపు ముడతపడి ఉంది.

"ఎలుకయ్యుంటుందండీ. లోపల మాత్రం ఎండుటాకే. నీటిబొట్టన్నది లేదు."

"చెమ్మ లేదు" అన్నారు మాస్టారు. తీర్పు చదివే న్యాయమూర్తులు కూడా అంత నిదానంగా చదవరు.

"లేదు సార్. నాదీ గ్యారంటీ."

షీటు పరవలేదు. ఫోమ్ పరవలేదు. బద్దలు బిగించి, వాటి మీద పలకలు పరిచి, గోడల పొడుగునా చెక్క సాగడానికి వేలెడు సందు వదిలారు. చెక్క మెరిసింది, అందంగా ఉంది. నడిస్తే కిక్కురుమనలేదు. కొత్తనేల కదా, బిగువుగా ఉంది. మాస్టారు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, కొంత తేలిగ్గా, కొంత బరువుగా నడిచి చూసి, గ్యారంటీ వైపు మోసపోయినవాడిలా చూశారు. గ్యారంటీ నిట్టూర్చి, కిటికీ దగ్గర నాలుగు పలకలకు మేకులు వదులు చేసి, కింద ఒక బద్దను కాస్త చెక్కాడు. జీవితమంతా కిర్రుల్ని చంపుతూ వచ్చినవాడు తన చేతుల్తో ఒక కిర్రుకు ప్రాణం పోశాడు. పోసి, పాపం చేసినవాడిలా చుట్టూ చూసుకున్నాడు.

ఆ సాయంత్రం కూతురు కూడా ఉంది. ఇల్లాలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ముగ్గురూ ఆమె పాదాల వైపే చూస్తున్నారు. కుడికాలు కిటికీ దగ్గరి పలక మీద పడింది.

కిర్రు.

అది అచ్చంగా ఆ చప్పుడే. ఇన్నేళ్ళ వెనకటి పొద్దు, ముఖం మీద పుస్తకం, టీ వాసన, అన్నీ ఒక్కసారి వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాయి. ఇల్లాలు ఆగిపోయింది. ఆమెకు అది తెలిసింది. ముఖం చూస్తే తెలుస్తోంది. ఆమె మెల్లగా తలెత్తి, పైకప్పు వైపు చూసింది.

"పైవాళ్ళు లేచినట్టున్నారండీ" అంది.

ఈ ఇంటి మీద పై అంతస్తు లేదు. ఒట్టి డాబా, నీళ్ళ ట్యాంకు. కూతురు మొహం తిప్పేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. మాస్టారు మాత్రం ఓడిపోలేదు. "చప్పుడు గుర్తుపట్టింది. దిక్కు ఒక్కటే తప్పింది" అన్నారు. "సగం సరైన జవాబుకు సగం మార్కులివ్వాలి."

మిగిలిన సగం రాలేదు. మర్నాటి నుంచి ఆమె తువ్వాలు ముక్క పట్టుకుని ఆ గదంతా తిరిగేది. అద్దంలాంటి నేల. వంగి వేలితో రాసి, వేలు చూసుకుని, ఆ గుడ్డను మళ్ళీ భుజాన వేసుకునేది. "ఇక్కడ చేసేందుకేం లేదండీ. పరాయివాళ్ళిల్లు పరాయివాళ్ళిల్లే. మనింటికి ఎప్పుడెళ్తాం?" మళ్ళీ చెప్పులు. మళ్ళీ గేటు. మాస్టారు గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, కూతురికి చెప్పలేదు. తాళం వేసి పెడతావా అని ఒకప్పుడు గద్దించిన నోరు ఆయనదే కనుక ఆ జేబు ఆయనకు రోజంతా బరువుగా ఉండేది.

తర్వాత వానలు ముదిరాయి.

చెక్కనేల మొదట మాట్లాడటం మానేసింది. కిటికీ దగ్గర ఎంత తొక్కినా కిర్రు లేదు. వదులు చేసిన పలకలు ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, పళ్ళు బిగబట్టినట్టు బిగుసుకున్నాయి. పుట్టించిన చప్పుడు చచ్చిపోయిందని మాస్టారు దిగులుపడ్డారు గాని, ఎందుకని అడగలేదు. హేతువు మాస్టారు హేతువు అడగని సందర్భం ఆయన జీవితచరిత్రలో ఇదొక్కటే. అడిగితే ఏం జవాబొస్తుందో ఆయన ముక్కుకు ముందే తెలుసు. గదిలో పాత గోనెసంచుల వాసన మొదలైంది. తర్వాత పలకల అంచులు లేచాయి. మధ్య గుంట, రెండు పక్కలా గట్టు. వేలెడు సందు ఎప్పుడో నిండిపోయి, గోడ పక్క వరుస నిలువునా పైకి లేచి కూర్చుంది.

ఆ గట్టే ఇల్లాలి కాలికి తగిలింది. చెప్పుల కోసం వెళుతూ పడింది. కుడి మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని వచ్చాక గ్యారంటీని పిలిపించారు. అతను గుమ్మంలోనే రెండు చేతులూ ఎత్తేశాడు. "పరీక్ష మీ కళ్ళెదుటే చేశాం సార్. పొడిగా ఉందని తీర్పు చెప్పింది మీరు. నాదేం లేదు ఇందులో."

"గ్యారంటీ అన్నది ఎవరు?"

"అది ఊతపదం సార్. ఊళ్ళో అందరికీ తెలుసు."

పలుగు పెట్టి ఒక పలక లేపాడు. అడుగు నల్లబడి, తెల్లటి బూజు పట్టి ఉంది. కింద సిమెంటు మీద నీళ్ళు, ఎవరూ పోయని నీళ్ళు, జ్వరమొచ్చిన ఒంటి మీద చెమటలా సన్నని బొట్లుగా నిలిచి ఉన్నాయి. రెండో పలక లేపాడు, మూడోది లేపాడు. అంతా అదే.

ఇద్దరూ ఆ నీళ్ళనే చూస్తుండగా ఇల్లాలు వచ్చింది. కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది. ఆ తడి చూడగానే ఆమె ముఖం విప్పారింది. ఎవరినీ అడగలేదు. గొంతుకూర్చుని, భుజం మీది తువ్వాలు ముక్కను ఎడమచేత్తో తీసి, సిమెంటును తుడవడం మొదలుపెట్టింది. మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ, గుడ్డను మడత మార్చుకుంటూ, ఎన్నో ఏళ్ళ నుంచి వస్తున్న పనిని అందుకున్నట్టు.

గ్యారంటీ నోరు తెరిచాడు. "అమ్మా... అప్పుడు ప్లాస్టిక్ వేసినప్పుడు కూడా తుడిచారా?"

"తుడవకపోతే ఎలా నాయనా? రోజూ పొద్దున్నే ఊరేది. మూల ఊడదీసి, తుడిచి, మళ్ళీ అంటించేదాన్ని. ఎవరో పాపం కష్టపడి అంటించారు." ఆమె మాస్టారిని గడ్డంతో చూపించింది. "ఈయన పుస్తకంలో తల పెట్టుకుని నడుస్తారు. జారిపడితే?"

తర్కశాస్త్రం ఆ గదిలో కాసేపు కూర్చోవడానికి చోటు వెతుక్కుంది. నీటిబొట్టు లేకపోవడానికి చెమ్మ లేకపోవడం ఒక్కటే హేతువు కాదు. భార్య ఉండటం కూడా హేతువే. ముప్పై ఏళ్ళ బోధనలో ఈ ఒక్క వాక్యం ఏ శిష్యుడికీ చెప్పలేదు. ఎవరూ పరీక్షలో అడగలేదు. మాస్టారు గోడకు ఆనుకుని, తర్వాత గోడ పొడుగునా జారి, లేచిన పలక మీదే కూర్చున్నారు.

ఆ పూట ఆమె ఇంటి మాట ఎత్తలేదు. అది ఎవరూ గమనించలేదు. ఎలుక మాట తాననలేదని, ముందు అన్నది మాస్టారేనని గ్యారంటీ వాదిస్తున్నాడు.

రాత్రి కాకముందే కూతురు వచ్చింది. విరిగిన చెయ్యిని చూసింది, తాళం వేసిన గేటును చూసింది, నేలను చూసింది.

"హోములో చోటు ఖాళీ అయింది నాన్నా. వస్తున్నామని చెప్పేశాను."

"ఈసారి షీటు వేయిస్తాను. అంతా తీయించి, మందపాటిది, గోడల మీదికి ఎక్కించి..."

"వేయించండి" అంది కూతురు. "వేయించుకోండి. అమ్మ కోసం మాత్రం కాదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో కూడా ఒక క్రమశిక్షణ ఉంటుంది. మాస్టారు హోము చూడటానికి వెళ్ళి అన్నిటికన్నా ముందు అక్కడి నేలను పరీక్షించారు. గోడ నుంచి గోడకు అతుకు లేకుండా పరిచిన మెత్తటి రబ్బరు. చప్పుడు లేదు. "బకెట్టు గుమ్మరించినా చుక్క నిలవదండీ. ఈ నేల తుడిచే పనే లేదు" అంది అక్కడి మేనేజరమ్మ గర్వంగా. మాస్టారు బాగుందన్నారు.

ఇల్లాలిని తీసుకెళ్ళే రోజున ఆమె తమ్ముడు వచ్చాడు. మాస్టారి బావమరిది. చదువుకునే రోజుల్లో ఆ మొదటి అద్దె వాటాలో అక్కబావల దగ్గరే పెరిగినవాడు. ఎంత వయసొచ్చినా బావ కనబడితే పరాచికం ఆడకుండా ఉండలేడు. అక్కను కారులో కూర్చోబెట్టి, సంచులు సర్ది, మిగిలిందేమైనా ఉందేమోనని లోపలికొచ్చాడు. కారులోంచి, "ఇంటికేగా తమ్ముడూ?" అన్న మాట వినబడింది. "ఆఁ, ఇంటికే అక్కా" అన్నాడతను వెనక్కి చూడకుండా.

గదిలో మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. సగం పలకలు లేచి, సగం లేవక, మూలన తువ్వాలు ముక్క పడి ఉంది.

"ఇదేంటి బావా, గదిలో పడవల రేవు పెట్టారా?"

"మీ అక్క కోసమే" అన్నారు మాస్టారు. ఆయన గొంతు క్లాసు చివరి వరుసదాకా వినబడే గొంతు కాదు. "మన మొదటింట్లోలాగా ఉంటుందని వేయించాను. ఆ చెక్కనేల కిర్రుమనేది, గుర్తుందా? పొద్దున్నే మీ అక్క లేచి నడుస్తుంటే."

బావమరిది వంగి తువ్వాలు ముక్క తీసుకుంటున్నవాడల్లా ఆగాడు. బావ హాస్యమాడుతున్నాడేమోనని ఒకసారి చూశాడు.

"చెక్కది పైవాళ్ళ నేల కదా బావా. మనముండేది కింది వాటాలో. మనది ఉత్త సిమెంటు, వానాకాలం వస్తే చెమ్మ ఊరి జారిపోయేది. మీరు లేచేలోపే అక్క తుడిచేసేది, మీకెలా తెలుస్తుంది?"